నక్షత్రాలు గుచ్చిన సూది

మా ఆయనకు బ్యాంకు ట్రాన్స్‌ఫర్ వచ్చి రామచంద్రపురం చేరిన ఏడాది, డిసెంబరు మొదలవగానే క్రిస్మస్ పనులు మొదలుపెడదామని మా అమ్మాయిలిద్దరూ నా వెంటపడ్డారు. పెద్దది నాలుగో క్లాసు, చిన్నది ఒకటో క్లాసు. మా పుట్టింట్లో క్రిస్మస్ నక్షత్రం ఎప్పుడూ కొని తెచ్చింది కాదు. నాన్న వెదురు బద్దలు చీల్చి ఇస్తే మేం రంగు కాగితాలు అంటించేవాళ్ళం. నా పిల్లలకూ అదే అలవాటు చేశాను. మైదా ఉడికించి జిగురు చేసుకున్నాం. క్రిస్మస్ చెట్టు కోసం సరుగుడు కొమ్మ ఒకటి తెచ్చి, ఇసుక నింపిన బకెట్లో నిలబెట్టాం. ఎర్ర క్రేప్ కాగితాన్ని చిన్న చిన్న నక్షత్రాలుగా కత్తిరించి, సూదీ దారంతో దండలు గుచ్చడం మొదలుపెట్టాం.

మేం అద్దెకున్నది ఒక రైతుల ఇంట్లో వెనక వాటా. ఇంటివారావిడ నాకంటే కొంచెం పెద్ద. అక్కగారూ అని పిలిచేదాన్ని. వాళ్ళు హిందువులు, మా పండగ పనులు ఆవిడకు కొత్త. పెళ్ళయిన చాలా ఏళ్ళకు ఆవిడకు బాబు పుట్టాడు. అప్పటికి ఇల్లంతా పాకేస్తూ, చేతికి అందినదల్లా నోట్లో పెట్టుకునేవాడు. ఆ వేళ పొలంలో నూర్పిళ్ళు జరుగుతున్నాయని, కాసేపు చూస్తూ ఉండమని వాణ్ణి నాకు అప్పజెప్పి వెళ్ళారు. మా పిల్లలంటే వాడికి బాగా మాలిమి.

పొయ్యి మీద పాలు దించి వచ్చేసరికి వాడు చాప మీద బోర్లా పడి ఏడుస్తున్నాడు. ఎత్తుకుని చూస్తే నోరంతా ఎరుపు. గడ్డం మీదుగా చొక్కా మీదకు కారుతోంది. చాప మీద సగం గుచ్చిన దండ ఉంది, కత్తెర ఉంది, దారపు ఉండ ఉంది. సూది లేదు.

పెద్దదాన్ని అడిగితే తనకు తెలియదంది. చిన్నది అప్పటికే పెరట్లోకి వెళ్ళింది. చాప దులిపాను, కాగితాలన్నీ తిరగేశాను. బాబు నోట్లో వేలు పెట్టి చూడబోతే వాడు ఇంకా గట్టిగా ఏడ్చాడు. గొడవ విని వచ్చిన పక్కింటాయన కబురు చెప్పడానికి సైకిలెక్కి పొలానికి వెళ్ళాడు. పిల్లల్ని చూస్తూ ఉండమని వాళ్ళావిడకు చెప్పి, బాబుని ఒళ్ళో పెట్టుకుని ఆస్పత్రికి రిక్షా ఎక్కాను.

దారిలో వాడు ఏడుపు మానేసి నా గాజులతో ఆడుకోవడం మొదలుపెట్టాడు. అది మంచికో చెడుకో తెలియలేదు. ప్రార్థన చేసుకుందామంటే 'ప్రభువా' అన్నాక మాట రావడంలేదు. అక్కగారి ముఖం ఎలా చూడాలన్న ఆలోచనే.

డాక్టరుగారు తడి దూదితో వాడి నాలుక, చిగుళ్ళు తుడిచి, ఆ దూది నాకు చూపించారు.

"ఇది రక్తం కాదమ్మా, రంగు. కాగితం నమిలినట్టున్నాడు."

అయినా సూది కనబడటంలేదని చెప్పాను కాబట్టి ఎక్స్‌రే తీయించారు. ఫిల్ము కోసం బయట బల్ల మీద కూర్చుని ఉండగా అక్కగారు వచ్చారు. కాళ్ళనిండా దుమ్ము, జుట్టులో గడ్డిపరకలు. జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆవిడ బాబుని అందుకుని నా పక్కనే కూర్చున్నారు. కాసేపటికి నా చెయ్యి పట్టుకున్నారు. ఆవిడ చెయ్యి మంచులా చల్లగా ఉంది.

ఫిల్ము వెలుతురుకు పెట్టి చూసి డాక్టరుగారు లోపల ఏమీ లేదన్నారు, ఇంటికి తీసుకెళ్ళమన్నారు. అంతసేపూ రాని ఏడుపు అప్పుడొచ్చింది నాకు. అక్కగారు కొంగుతో బాబు గడ్డం తుడిచి నాకేసి తిరిగారు.

"ఊరుకోండి. మొన్న నా కళ్ళెదురుగానే బొగ్గుముక్క నమిలేశాడండి వీడు."

ఏడుస్తూనే నవ్వేశాను. ఆవిడా నవ్వారు, కానీ ఇంటికి చేరేదాకా వాణ్ణి గుండెలకు అదుముకునే కూర్చున్నారు.

ఇంతకీ సూది ఎక్కడున్నట్టు? వెళ్ళేసరికి మా చిన్నది గుమ్మంలో కూర్చుని ఉంది. పండక్కి అమర్చే బాలయేసు బొమ్మల పశువుల పాకలో పరచడానికి గడ్డివాము నుంచి పీక్కొచ్చిన గడ్డి దాని గౌను నిండా ఉంది. సూది చూశావా అని అడిగితే లోపలికి తీసుకెళ్ళి గోడ మీది క్యాలెండరు చూపించింది. పైఅంచున దారంతో సహా గుచ్చి ఉంది.

"తమ్ముడికి అందకూడదని కుర్చీ ఎక్కి పెట్టాను," అంది.

మరి చెప్పలేదేమని వాళ్ళక్క నిలదీస్తే, నన్నెవరూ అడగలేదుగా అంది. దాన్ని అలాగే గడ్డితో సహా ఎత్తుకున్నాను. అక్కగారు దాని బుగ్గలు పుణికి, ఇంట్లోకి వెళ్ళి గుప్పెడు జీడిపప్పు తెచ్చి చేతిలో పోశారు.

మర్నాడు బాబుని మా వాటాలోకి రానివ్వరనే అనుకున్నాను. నేనైతే రానిచ్చేదాన్ని కాదు. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆవిడే వాణ్ణి చంకనేసుకుని వచ్చి, చాప మీద కూర్చుని, వాణ్ణి కాళ్ళ మధ్య ఇరికించుకుని, సూదిలో దారం ఎక్కించి ఇటివ్వమన్నారు. ఎలా గుచ్చాలో మా పెద్దది చెప్పబోతే, పూలదండ గుచ్చినట్టే కదమ్మా అన్నారు. మాకంటే ఆవిడ చెయ్యే వేగం. సరుగుడు కొమ్మకు చుట్టగా రెండు దండలు మిగిలిపోతే, సాయంత్రం పిల్లలు వాటిని తీసుకెళ్ళి అక్కగారి వీధి గుమ్మానికి కట్టొచ్చారు.