వత్తు లేని మాటలు

మా వీధి ఆడవాళ్ళలో టచ్ ఫోన్ ముందు కొన్నది నేనే. అందుకు గర్వపడలేదంటే అబద్ధమవుతుంది. కొన్న వారం తిరక్కుండానే దాన్ని కాలవలో పారేద్దామనుకున్న మాటా నిజమే.

ముందు వేళ్ళ సంగతి చెబుతాను. ఆత్రేయపురంలో నాలాంటి ఆడవాళ్ళ బతుకు బోర్లించిన కుండ దగ్గరే గడుస్తుంది. కింద మంట, పైన కాలే కుండ. బియ్యప్పిండి నీళ్ళలో ముంచిన గుడ్డను దానిమీద ఒక్క ఊపున లాగితే పూతరేకు రేకు లేస్తుంది. దాన్ని చేత్తోనే తీయాలి. తీసీ తీసీ నా వేళ్ళ చివర్లు గచ్చులా నున్నబడిపోయాయి. రేషన్ దగ్గర వేలిముద్ర పడదు. ఫోన్ మీదా పడదు. ఒక అక్షరం మీద వేలు పెడితే పక్క అక్షరం వస్తుంది, లేదా ఏదీ రాదు. ఫోన్ అమ్మినతను "చెయ్యి తుడుచుకోండి మామ్మగారూ" అన్నాడు. కొంగుతో తుడుచుకున్నాను. "ఇంకోసారి తుడుచుకోండి" అన్నాడు. మురికి కాదు నాయనా, నా చెయ్యే అంత అని చెప్పడానికి నోరు రాలేదు.

ఈ ఫోన్ తయారుచేసినవాళ్ళు కనిపిస్తే అడగాల్సినవి నాకు చాలా ఉన్నాయి. మోగినప్పుడు ఎత్తడానికి ఆ పచ్చటి గుండ్రాన్ని పైకి తోయడమెందుకు? పాత ఫోన్‌లాగా మీట నొక్కితే చాలదా? నేను మాట వెతుక్కుంటుంటే వెలుగు ఆర్పేసుకోవడమెందుకు? పెద్దమనిషి ఆలోచించుకోకూడదా? పంపే ముందు "ఇదేనమ్మా నువ్వు చెప్పాలనుకున్నది?" అని ఒక్కమాట అడిగితే దాని సొమ్మేం పోతుంది?

అన్నిటికన్నా పెద్ద తంటా వత్తులతో. నేను అక్షరాలు నేర్చుకున్నది తల నెరిశాక. రామాలయం అరుగు మీద సాయంత్రాలు మాకు చదువు చెప్పారు. గుణింతాలు అయ్యాయి. వత్తులు సగంలో ఉండగా కోతలు వచ్చాయి. ఆడవాళ్ళందరం చేలలోకి పోయాం, చదువు అక్కడితో ఆగింది. తర్వాత పేపరు మీద వేలు పెట్టుకుని చదివీ చదివీ వత్తులు చదవడం వచ్చింది. రాయడం మాత్రం రాలేదు. కాగితం మీదైతే ఏదో ఒక కొక్కెం కింద తగిలించి దాటేసేదాన్ని. ఫోన్‌లో ఆ కొక్కెం ఎక్కడ దొరుకుతుందో తెలియదు. ఎవరినైనా అడగొచ్చు. అడిగితే నాకు రాదని తెలిసిపోతుంది. తప్పు అక్షరం పంపి నలుగురిలో నవ్వులపాలవడం కన్నా చావు నయం అనుకునేదాన్ని.

అందుకని వత్తు లేని మాటలు ఏరుకోవడం మొదలుపెట్టాను.

దాని అవసరం ఇలా వచ్చింది. మండపేటలో మా అక్క మొగుడు, మా బావగారు, ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరి ఆసుపత్రిలో పడి లేచారు. అక్క ఎప్పుడో పోయింది. ఒక్క కూతురు, బడిలో టీచరు. పగలంతా ఇంట్లో మనిషి ఉండదు కాబట్టి, ఒళ్ళు కుదుటపడేదాకా ఆయన్ని నా దగ్గర దించింది. దించి వెళ్తూ నా చేతులు పట్టుకుంది.

"పిన్నీ, క్లాసులో ఫోన్ ఎత్తలేను. నాన్న ఎలా ఉన్నారో రోజూ పొద్దున్నే మన గ్రూపులో ఒక్క ముక్క పెట్టు. అది చూసుకుంటే గానీ పాఠం చెప్పలేను."

"ఓస్, అదెంతసేపు" అన్నాను.

మా చుట్టాల గ్రూపులో చిన్నవాళ్ళంతా తెలుగు మాటల్ని ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తారు. నాకు ఒక్క ముక్క అర్థం కాదు. తెలుగు అక్షరాల్లో రాసేది నేనే. అన్నం తిన్నారు అని రాయాలంటే రెండు వత్తులు, అందుకని 'భోజనం అయింది' అని పెట్టాను. దగ్గు తగ్గింది అనాలి, 'ఆయాసం లేదు' అన్నాను. నిద్ర బాగా పట్టింది అనడానికి 'బాగా పడుకుని లేచారు' అన్నాను. ఒక్కో మాటకి కాఫీ చల్లారిపోయేది. కానీ పెద్దవాళ్ళంతా మెచ్చుకున్నారు. బావగారి తమ్ముడు, నాకు చినబావగారు, ఆయన నోట మెప్పు ఊరికే రాదు, ఆయన కూడా ఫోన్ చేసి "ఏమ్మా, పుస్తకంలోలాగా రాస్తున్నావే!" అన్నారు. ఆ మాటకి పొంగిపోయాను. అది నా బుర్ర పాడుచేసింది.

బావగారికి ఒంట్లో ఓపిక వచ్చాక పిఠాపురం వెళ్ళి కుక్కుటేశ్వరుణ్ణి చూసొస్తానని పట్టుబట్టారు. ఎదురింటివాళ్ళు కారులో వెళ్తుంటే, చీకటితోనే వాళ్ళతో బయల్దేరారు. తన డబ్బా ఫోన్ మంచం మీదే వదిలేశారు.

నేను మెసేజ్ పెట్టడానికి కూర్చున్నాను. బావగారు ఉదయం పిఠాపురం వెళ్ళారు. ఇంతే. పిఠాపురంలో ఆ పొట్టలో చుక్క ఉన్న అక్షరం ఎంత వెతికినా కనపడలేదు. సరే, ఊరి పేరు తీసేశాను. వెళ్ళారు అనడానికి వత్తు కావాలి. దానికి బదులు ఏముందని ఆలోచిస్తే తట్టింది. 'బావగారు ఉదయం పోయారు' అని రాసి, అన్ని అక్షరాలూ సరిగ్గా ఉన్నాయో లేదో రెండుసార్లు చూసుకుని, పంపేశాను.

గడప దాటే పిల్లలు 'పోతున్నా' అంటే 'వెళ్ళొస్తా అనండి' అని కసిరే మనిషిని నేను. ఆ మాట నా వేళ్ళలోంచి ఎలా వచ్చిందో ఇప్పటికీ సిగ్గే. అక్షరాల మీద ధ్యాసలో పడి మాట ఏమంటుందో వినలేదు.

కాసేపటికి ఫోన్ టింగుమంది. చూస్తే జోడించిన చేతులు. మరొకటి, మళ్ళీ చేతులే. గ్రూపు నిండా చేతులు, మధ్యలో ఇంగ్లీషు అక్షరాలు. నా మనసులో పిఠాపురం ఉంది కదా, దేవుడికి దణ్ణాలు పెడుతున్నారనుకున్నాను. ఎంత భక్తి అనుకుంటూ నేనూ జోడించిన చేతుల బొమ్మ ఒకటి తిరిగి పెట్టాను.

తర్వాత పొయ్యి దగ్గర కూర్చున్నాను. ఫోన్ మోగింది. చేతి నిండా పిండి. మోచేత్తో ఆ పచ్చ గుండ్రాన్ని తోశాను, కదల్లేదు. ఆగింది. మళ్ళీ మోగింది. ప్రసాదం కోసం కాబోలు, ఇంత తొందరేంటి వీళ్ళకి అని విసుక్కుని, గుడ్డ పిండిలో ముంచి రేకు లాగాను.

ఎండ ఎక్కేసరికి వాకిట్లో ఆటో ఆగింది. అక్క కూతురు దిగింది. చెప్పులు లేవు. బడి నుంచి వచ్చేసినట్టుంది, చేతులకి సుద్ద అంటుకునే ఉంది. నన్ను చూసి, పొయ్యి మీద కుండని చూసి, ఆగిపోయింది.

"ఏంటి పిన్నీ ఇది? రేకులు తీస్తున్నావా? నాన్న ఎక్కడ?"

"పిఠాపురం వెళ్ళారుగా. పొద్దున్నే పెట్టాను కదే."

"పిఠాపురమా?" అంది. ఫోన్ నా మొహం ముందు పెట్టింది. నేను రాసిన ముక్క ఉంది. కింద అన్నీ చేతులు. దాని ఏడుపు మొహం చూశాక, అప్పుడు చదివాను నేను రాసింది.

ఎదురింటివాళ్ళ కోడలి దగ్గర నంబరు తీసుకుని కారులో ఉన్నవాళ్ళకి ఫోన్ చేయించాం. అటునుంచి బావగారి గొంతు. "ఏంటమ్మా, బడి లేదా ఇవాళ?" అంతే, అది అరుగు మీద కూలబడి గట్టిగా ఏడ్చేసింది. "ఏమైందే? ఏమైంది?" అని అక్కడాయన ఒకటే అరుపు. "ఏం లేదు నాన్నా, మీరు జాగ్రత్తగా రండి" అని పెట్టేసింది.

ఇంతలో రెండో ఆటో. చినబావగారు, ఆయన భార్య, వెనక ఇద్దరు చుట్టాలు. ఆయన చేతిలో ఆకుపొట్లం, అందులో బంతిపూల దండ. సంగతి విన్నారు. కుర్చీలో కూర్చుని దండ ఒళ్ళో పెట్టుకున్నారు.

"అయితే ఇదెక్కడ వెయ్యమంటావమ్మా? నీ మెళ్ళో వెయ్యనా?"

అందరూ నా వైపే చూస్తున్నారు. "నేను వెళ్ళారనే రాశానండి. ఈ ఫోనే అలా మార్చేసింది" అన్నాను.

"నిజమేలెండి, నాదీ అలాగే చేస్తది" అని ఆయన భార్య జాలిపడింది. బయటపడ్డాననుకున్నాను.

అక్క కూతురు మాత్రం కళ్ళు తుడుచుకుంటూ ఫోన్‌లో పైకి జరుపుతూ నా పాత ముక్కలన్నీ చదువుతోంది. భోజనం అయింది. ఆయాసం లేదు. జావ తాగారు. చదివిన కొద్దీ దాని మొహంలో ఏడుపు పోయి ఇంకేదో వచ్చింది.

"పిన్నీ, ఇన్ని రోజుల్లో నువ్వు ఒక్క వత్తు కూడా రాయలేదు."

నేను వేళ్ళకంటిన పిండి గీక్కుంటున్నాను.

"మా రెండో తరగతి పిల్లలు ఇలాగే చేస్తారు. రాని అక్షరం వస్తే మాట మార్చేస్తారు. నాకు రాదని ఒక్కమాట చెబితే సరిపోయేది కదా? మండపేట నుంచి ఇక్కడిదాకా ఎలా వచ్చానో నీకు తెలుసా?"

అది తిట్టలేదు. తిడితే బాగుండేది. చుట్టాల ముందు, పొయ్యి ముందు, పిండి చేతులతో నిలబడ్డాను. ఫోన్ మీద తోసిన అబద్ధం గాలికి కొట్టుకుపోయింది.

"నాన్న బాగున్నారని నేను పెట్టాను, కానీ ఇంగ్లీషు అక్షరాల్లో. పెద్దవాళ్ళు చదివేది నీ తెలుగే. వాళ్ళింకా ఇక్కడికి బయల్దేరుతున్నారు, నువ్వు పెట్టు" అంది.

చేతులు కడుక్కుని కూర్చున్నాను. బుద్ధి ఎక్కడికి పోతుంది? ముందు వత్తు లేని మాటే తట్టింది. "బావగారు పోలేదు అని పెడతాను" అన్నాను.

చినబావగారు కుర్చీలోంచి లేచినంత పని చేశారు. "ఇంకా పోలేదా, ఎప్పుడు పోతాడు అని అడుగుతారమ్మా! మా అన్న ఉన్నాడని రాయి."

ఉన్నారు. అక్కడే ఉంది వత్తు.

"ఇటివ్వు పిన్నీ, నేను రాస్తాను" అని చెయ్యి చాపింది. ఇవ్వలేదు. ఎందుకు ఇవ్వలేదో నాకూ తెలియదు. మొండితనం కావచ్చు. అది తన వేలితో ఒక గుర్తు చూపించింది. నకారం నొక్కి, ఇది నొక్కి, మళ్ళీ నకారం నొక్కు, అంది. ఇంతేనా అనిపించింది. ఇన్నాళ్ళూ అడగనిది ఇంతేనా.

నొక్కాను. పడలేదు. వేలు తుడుచుకుని నొక్కితే పక్కనున్నది పడింది. చెరిపాను. అందరూ చూస్తుంటే మళ్ళీ మొదటినుంచి నొక్కాను. ఇంతలో అక్క కూతురి ఫోన్ మోగింది. రావులపాలెం దగ్గర ఉన్నామని, శవాన్ని ఎన్నింటికి తీస్తారని ఎవరో అడుగుతున్నారు. అక్క కూతురు వాళ్ళకి సర్దిచెబుతుంటే, నేను ఇక ఆగలేక, పడినంత మట్టుకు పంపేశాను.

'బావగారు ఉనారు.'

అరుగు మీద అందరి ఫోన్లూ ఒక్కసారే టింగుమన్నాయి. చినబావగారు కళ్ళజోడు సర్దుకుని పైకే చదివారు. "బావగారు... ఉనారు." వెనక చుట్టాల్లో ఒకాయన నవ్వు ఆపుకోలేక తువ్వాలు అడ్డం పెట్టుకున్నాడు. నా చెవులు భగ్గుమన్నాయి. జన్మలో దేనికి భయపడ్డానో అదే జరిగింది, అదీ ఇంతమంది ఎదురుగా.

కానీ గ్రూపులో ఎవరూ నవ్వలేదు. ముసలివాళ్ళంతా ఒకరి తర్వాత ఒకరు హమ్మయ్య అన్నారు. రావులపాలెం దగ్గరున్నవాళ్ళు వెనక్కి తిరిగారు.

"తీసేసి సరిగ్గా పెట్టనా పిన్నీ?" అంది అక్క కూతురు. గొంతు మెత్తబడింది.

"వద్దు, ఉండనీ. రేపు పొద్దున్న తిన్నారు అని రాస్తాను, అది తప్పైతే చెప్పు."

అది సరేనంది. చావు ఇంటికని అందరూ ఖాళీ కడుపులతో బయల్దేరి వచ్చారు. నేను కుండ దించేసి అన్నానికి ఎసరు పెట్టాను. చినబావగారు దండ పొట్లాన్ని చూరుకి తగిలించి, "మా అన్న వచ్చాక వేస్తాను, ఎలాగూ దర్శనం చేసుకుని వస్తాడు" అన్నారు. అందరూ నవ్వారు. నేను వాళ్ళ వైపు తిరగలేదు.