డిక్కీలో సబ్‌వూఫర్, వెనక సీట్లో అమ్మ

ఈ చెయ్యికి కట్టేందని పొద్దటి సంది అడుగుతున్నరు గదా. చెప్తా, టీ అయితే కానియ్యుండ్రి. చెయ్యి సంగతి చిన్నదే. మొన్న మంగళవారం నేను మా అమ్మను చంపినంత పని చేసిన.

మీకు తెలుసు, కారులో పాట పెడితే నాకు బేస్ గుండెకు తగలాలె. సబ్‌వూఫర్, అదే బేస్ కొట్టే పెద్ద స్పీకర్, పెట్టాలని రెండు నెలల నుంచి వీడియోలు చూస్తున్న. కోఠిలో దుకాణపాయన మంచోడు. మీ కారు చిన్నది సార్, ఎనిమిది ఇంచులది సీటు కింద పడ్తది, అదే చాలు అన్నడు. నేను వినలే. పన్నెండు ఇంచులది, పెద్ద డబ్బాతోని తీసుకున్న. దాంతోనే డిక్కీ మొత్తం నిండిపోయింది. వైరింగ్ మేమే చేసిస్తం అన్నడు. ఎలక్ట్రానిక్స్ ల్యాబ్‌లో పదకొండేండ్ల నుంచి పాఠం చెప్తున్నోన్ని, నాకు ఇంకొకలు వైరింగ్ చేసుడేందని నవ్విన. ఆయన మాత్రం నేను పోయేటప్పుడు మళ్ల చెప్పిండు, బ్యాటరీ పక్కనే ఫ్యూజ్ పెట్టుండ్రి, మర్చిపోకుండ్రి అని.

ఆదివారం అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో పని మొదలుపెట్టిన. సబ్‌కు కరెంటు ఇచ్చే యాంప్లిఫైయర్‌ను డబ్బాకు బిగించిన. దానికి బ్యాటరీ నుంచి లావు వైరు రావాలె. ఇంజన్ వెనక రేకుకు ఒక బొక్క ఉంటది, అండ్లకెల్లి వైరు లోపలికి గుంజిన. రేకు అంచుకు రాసుకోకుండా ఆ బొక్కకు రబ్బరు బుష్ వెయ్యాలె. నా దగ్గరున్నది సైజు కుదరలే, టేపు చుట్టిన. ఫ్యూజ్ డబ్బీ చూస్తే మూత పగిలి ఉన్నది. తర్వాత తెచ్చి పెడదాం తియ్ అనుకొని వైరును సీదా బ్యాటరీకే కలిపిన. పాట పెడితే మొదటి అంతస్తు కిటికీలు వణికినయ్. నా అసుంటోడు లేడనుకున్న.

మంగళవారం అమ్మకు కుట్లు ఇప్పియ్యాలె. మోకాలు ఆపరేషన్ అయ్యి పద్నాలుగు రోజులు. వాకర్ డిక్కీలో పట్టలే. నా సీటు వెనక, తలుపుకు అడ్డంగ ఇరికిచ్చిన. అమ్మ అటుపక్క తలుపుకు ఒరిగి, కాలు సీటు మీద జాపుకొని కూసున్నది. తార్నాక నుంచి హబ్సిగూడ దవాఖానకు సీదా పోతే పది నిమిషాలు. నేను యూనివర్సిటీ క్యాంపస్ లోపలికెల్లి తిప్పిన. గాడ రోడ్డు ఖాళీగ ఉంటది, పాట మంచిగ వినొచ్చని. అమ్మ జర తక్కువ పెట్టు రా అంటనే ఉన్నది.

మూడో స్పీడ్ బ్రేకర్ దాటంగనే పాట ఆగిపోయింది. ప్లాస్టిక్ కాలిన వాసన. నా కాళ్ల కాడికెల్లి నల్లటి పొగ. చావి తిప్పి ఇంజన్ బంద్ చేసిన. పొగ ఆగలే. ఎట్ల ఆగుతది, వైరు సీదా బ్యాటరీకే ఉన్నది. టేపు చిరిగి, వైరు తొడుగు తెగి, లోపలి రాగి రేకుకు తాకింది, ఆపెటందుకు మధ్యల ఫ్యూజ్ లేదు.

దిగి నా పక్క వెనక తలుపు తీసిన. వాకర్ కాళ్లు ముందు సీటు కింద ఇరుక్కున్నయ్. ఎంత గుంజినా రాలే. పొగల అమ్మ మొఖం కనబడ్తలేదు, దగ్గు ఒక్కటే వినబడ్తున్నది. అప్పుడు మెల్లగ అన్నది, “నాతోని కాదు బిడ్డా. నువ్వు దూరం జరుగు.”

 ఎట్ల ఉరికిన్నో తెల్వదు, అటుపక్క తలుపు తీసి చంకల కింద చేతులేసి గుంజిన. సీటు మీద ఉన్న కాలు ధబ్బున కిందపడ్డది, మోకాలు మడతపడ్డది. అమ్మ నా అంగీ పట్టుకొని పండ్లు బిగబట్టింది.

సెక్యూరిటీ ఆమె ఒకామె ఉరికొచ్చి అమ్మను ఫుట్‌పాత్ మీద కూసోబెట్టింది. నేను బానెట్ ఎత్తి, చెయ్యికి టవల్ చుట్టుకొని బ్యాటరీ మీది వైరు పీకేసిన. ఈ చెయ్యి గప్పుడు కాలింది. తిరిగి చూస్తే అమ్మ మోకాలి కట్టుకెల్లి నెత్తురు కారుతున్నది.

కారును గాడనే వదిలేసి ఆటోల దవాఖానకు పోయినం. కుట్లు ఇప్పిచ్చుకుందామని బయల్దేరి, కొత్తగ మూడు కుట్లు ఏపిచ్చుకున్నం. డాక్టర్ ఎట్లయిందని అడిగిండు. నేను నోరు తెరిచే లోపలనే అమ్మ బాత్రూంల జారిన సార్ అన్నది. నేను కాలిన చెయ్యి జేబుల పెట్టుకున్న.

ఇగ డాక్టర్ నన్ను అందుకున్నడు. ఆపరేషన్ అయిన మనిషిని ఒక్కదాన్ని ఎట్ల వదిలిపెట్టిండ్రు, చదువుకున్నోళ్లు కాదా అని. నేను చెయ్యని తప్పుకు తలకాయ వంచుకొని సారీ చెప్పిన. చేసిన తప్పు చెప్తే ఇంక ఎన్ని మాటలు పడాల్నో. చివరికి, బాత్రూం గోడకు పట్టుకోనీకి ఒక హ్యాండిల్ పెట్టుండ్రి, నాలుగు స్క్రూలే, మీరే బిగించుకోవచ్చు అన్నడు నాతోని.

అమ్మ మంచం మీదికెల్లి లేవబోయింది.

“వద్దు సార్,” అన్నది. “మేము పని తెలిసిన మనిషిని పిలిపిచ్చుకుంటం.”