బరమా మిషను ముందు నా గాజులు

బెల్లంపల్లిలో మా ఆయన బొగ్గుబాయి వర్క్‌షాపులో ఫిట్టరు. పొద్దంతా ఇనుముతో కుస్తీ పట్టింది చాలదన్నట్టు, ఇంటి వసారాలోనూ పని పెట్టుకుంటానన్నాడు. ఒకరోజు పాత ఇనుప సామాన్ల దుకాణం నుంచి చేత్తో తిప్పే బరమా మిషనును బండి మీద వేసుకొచ్చాడు. ఇనుములో బెజ్జాలు వేసే యంత్రం అది. ఒళ్లంతా తుప్పు. బండి తోలుకొచ్చిన ముసలాయన పోతూ పోతూ, "జర పైలం బిడ్డా, గిది ఒకని రెండు వేళ్లు తిన్నది" అని నా చెవిన వేసి పోయాడు.

"మనకెందుకయ్యా గీ పీడ?" అంటే మా ఆయన నవ్వాడు. "వాడు తాగి పట్టుకున్నడేమో. నాకేమైతది?"

ఆయన చేతుల మీదే మా ఇల్లు నడుస్తోంది. వేళ్లు పోయిన ఫిట్టరును ఎవరు పనిలో ఉంచుకుంటారు?

ఆదివారాలన్నీ దానికే పోయాయి. గ్యాస్‌నూనె గుడ్డతో తుడిచాం, ఇటుక పొడితో రుద్దాం. తిట్టుకుంటూనే నేనూ రుద్దాను. పట్టేసిన పళ్ల చక్రాన్ని ఆయన ఊడదీసి, ఆకురాయితో సాపుచేసి, గ్రీజు పెట్టాడు. అది మెరిసేకొద్దీ ఆయనకు సంబరం, నాకు దడ. తుప్పు పట్టి కదలకుండా ఉన్నన్నాళ్లు అది ఎవరినీ ఏమీ చేయలేదు కదా!

మిషనును గుంజకు బిగించిన రోజు నన్ను పిలిచాడు.

"నువ్వు పిడి తిప్పు, రేకు నేను పట్టుకుంట. గాజులు తియ్యి, చక్రంల చిక్కుతయ్."

నాకు ఒళ్లు మండింది. "నువ్వు ఎదురుంగ ఉండంగ గాజులు తియ్యమంటవా? నీ నోట్లె మన్నువడ! గా రేకును బోల్టులతోని బిగించరాదు?"

"ఇన్నేండ్ల సంది చేత్తోనే పట్టుకుంటున్న. నాకు నేర్పుతున్నవా?"

మొండితనంలో ఇద్దరం ఇద్దరమే. గాజులు పైకి నెట్టి, వాటి మీద గుడ్డ చుట్టుకుని పిడి పట్టుకున్నాను. కళ్లు ఆయన వేళ్ల మీదే. బరమా కొన ఇనుములోకి దిగుతూ కిర్రుమంది. చెమటకు గుడ్డ జారింది. గాజు చక్రంలో చిక్కి ఫట్‌మని పగిలింది. పిడి వదిలేశాను గానీ బరువు చక్రం ఆగలేదు. రేకు గిర్రున తిరిగింది.

"వామ్మో!" అని కళ్లు మూసుకుని పుస్తెలు గట్టిగా పట్టుకున్నాను. "వేళ్లు ఉన్నయా? చెప్పు, ఉన్నయా?"

కళ్లు తెరవాలంటే భయం. అంతలో నా మణికట్టును రెండు చేతులు పట్టుకున్నాయి. కళ్లు తెరిచాను. వేళ్లన్నీ ఉన్నాయి. కారుతున్న రక్తం నాదే. గాజు ముక్కలు ఏరి, జారిన గుడ్డనే ఆయన నా మణికట్టుకు కట్టాడు.

పై ఆదివారం పళ్ల చక్రానికి రేకు తొడుగు బిగించాడు. ఆ తొడుగుకు కావలసిన బెజ్జాలు నన్ను పిలవకుండా ఒక్కడే తిప్పుకుని వేసుకున్నాడు. తర్వాత నన్ను పిలిచాడు. చూస్తే, మిషను బల్ల మీద కొత్త రేకు బోల్టులతో బిగించి ఉంది.

"గాజులో?" అన్నాను.

"ఉండనియ్యి" అని, చేతులు రెండూ వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. తిప్పాను. భయం పోలేదు. ఆ చేతులు వెనకాలే ఉన్నాయా అని మాటిమాటికీ తొంగి చూసుకుంటూనే తిప్పాను.