అద్దం దుకాణం

మొన్న పొద్దున బోణీ కాకముందే కేసముద్రం నుంచి ఒక పెళ్లివారి గుంపు మా బట్టల దుకాణం మెట్లెక్కింది. ముందున్న అమ్మాయి "వరంగల్ల అద్దం దుకాణం యాడుంది?" అని ఫోన్‌ను అడిగిందట, ఆ ఫోనే దారి చెబుతూ గడప దాకా తీసుకొచ్చిందట. గల్లా దగ్గర కూర్చుని ఆ మాట విన్న నాకు మా మామగారు గుర్తొచ్చి కళ్లు చెమ్మగిల్లాయి.

నేను కోడలిగా అడుగుపెట్టేనాటికే మా గుమ్మం పక్కన టేకు చట్రంలో మనిషెత్తు నిలువుటద్దం ఉండేది. ఆ రోజుల్లో ప్రచారమంటే రిక్షాకు మైకు కట్టి తిప్పడమో, సినిమా హాల్లో ఇంటర్వెల్‌కు స్లైడు వేయించడమో, మీకు గుర్తుండే ఉంటుంది. మామగారికి ఆ గోలేదీ గిట్టేది కాదు, ఆడవాళ్లు తమను తాము చూసుకుంటే చీర దానంతటదే అమ్ముడుపోతుందనేవారు. పత్తి అమ్ముకుని పెళ్లి బట్టలకు వచ్చినవాళ్లే కాదు, మిర్చి ఏరే పనికి పోయే కూలి ఆడవాళ్లు కూడా ఆ అద్దం ముందు ఓ క్షణం ఆగి, బొట్టు దిద్దుకుని, తమను చూసి తామే సిగ్గుపడి పోయేవారు. కొనలేదని ఆయన ఒక్కనాడూ కసురుకోలేదు. బిడ్డ పెళ్లి కుదిరిననాడు వాళ్లు మరో దుకాణం ఎక్కేవారా? బోర్డు మీద ఆయన పేరు ఎంత పెద్దగా రాసినా, చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ మాది అద్దం దుకాణమే.

కంప్యూటర్లు వచ్చిన కొత్తలో మా ఆయన ముచ్చటపడి వెబ్‌సైటు పెట్టించారు. తెరవగానే దండ వేసిన మామగారి ఫోటో, కింద ఆయన నిండు పేరు. చూసి మురిసినవాళ్లు మేమూ, మా చుట్టాలూ. ఆ తర్వాత అందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చాయి, గిరాకీ హన్మకొండ షోరూముల దారి పట్టింది, వరసగా రెండు పెళ్లిళ్ల సీజన్లు ఈగలు తోలుకుంటూ కూర్చున్నాం. మూడోదీ ఇలాగే పోతే దుకాణం కిరాయికిచ్చేద్దామని మా ఆయన అన్ననాడు నేను కంచం ముందు నుంచి లేచిపోయాను.

అసలు సంగతి మా కోడలు, మా అబ్బాయి భార్య, పట్టుకుంది. ఫోన్లో దారి చూపే మ్యాపులో మేమున్నది మా మామగారి పేరుతో, జనం వెతికేది అద్దం దుకాణం కోసం. పేరు మారుస్తానంటే మా ఆయన మండిపడ్డారు. "మా బాపు పేరు తుడిచేస్తవా బిడ్డా?" అన్నారు.

"తాత పేరు బోర్డు మీదనే ఉంటది మామయ్యా. జనం నోట్ల ఉన్న పేరు ఫోన్ల పెడ్తాన, జర ఆగుండ్రి."

ఆగారు. నెమ్మదిగా గిరాకీ తిరిగొచ్చింది, దుకాణం నిలబడింది. ఇప్పుడు కోడలు ఆ అద్దం ముందే చీరలు కట్టుకుని రీల్స్ తీస్తుంది. నిన్నటిదాకా ఫోటోలు చాలన్న ఫోన్ ఇవాళ వీడియో కావాలంటుందట, రేపు ఇంకేదో అడుగుతుందట. ఆ ఫోన్ లోపల కూర్చుని ఇవన్నీ మార్చేది ఎవరో గానీ, మా బోణీ అతగాడి దయమీద ఉంది.

మొన్నటి ఆ పెళ్లివారు రీల్‌లో చూసి ముందే ఎంచుకున్న చీరలు చూపించి, ప్యాక్ చేయించుకుని, టీ కూడా తాగకుండా వెళ్లిపోయారు. సంతోషమే, కాదనను. కానీ అద్దం పేరు చెప్పుకుని అంత దూరం నుంచి వచ్చి, ఒక్కరూ అందులో మొహం చూసుకోలేదు. వాళ్లు మెట్లు దిగాక, పాత అలవాటు పోనియ్యకూడదన్నట్టు, నేనే లేచి వెళ్లి దాని ముందు కొంగు సవరించుకున్నాను.