పేర్ల పెట్టె

పెళ్ళి రిసెప్షన్‌లో ఆటలాడించడం కూడా ఒక పనేనా అని నన్ను అడిగినవాళ్ళని లెక్కపెడితే ఊళ్ళో సగం జనాభా తేలుతుంది. ఒకసారి వచ్చి చేసి చూడమనండి. మూడు వందల మంది జనం. వాళ్ళలో సగం మందికి ఆకలి, పావు మందికి ముందు వరసలో కుర్చీ దొరకలేదన్న ఉక్రోషం, మిగిలినవాళ్ళు ఫోన్లలోంచి తలెత్తరు. పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ ఫొటోలకి నవ్వి నవ్వి దవడలు పట్టేసి కూర్చుంటారు. అలాంటి హాలుని రెండు గంటలు ఒక్క మైకుతో నవ్వించాలి. మా అక్క పద్నాలుగేళ్ళుగా ఆ పని చేస్తోంది. సౌండు పెట్టెల దగ్గర కూర్చునేది నేను.

అక్కని చిన్నప్పటి నుంచీ గిలక్కాయ అంటారు. నిద్రలో కూడా మాట్లాడేది. పదో తరగతి తప్పాక, బట్టల షాపు గుమ్మంలో మైకు పట్టుకుని "రండమ్మా రండి, రెండు కొంటే ఒకటి ఉచితం" అని అరిచే ఉద్యోగంలో చేరింది. ఆ షాపు యజమాని కూతురి రిసెప్షన్‌కి పాటలవాళ్ళు రాకపోతే, ఆయన దిక్కుతోచక అక్క చేతికి మైకిచ్చాడు. అక్క కుర్చీలాట ఆడించింది. తాతల్ని రెండు జట్లు చేసి తాడు లాగించింది. ఆ తర్వాత మళ్ళీ షాపు గుమ్మం తొక్కలేదు.

నవ్వించే మనిషి ఎప్పుడూ నవ్వుతూ ఉంటుందనుకుంటారు జనం. మా అక్కకి కోపం ముక్కు మీదే ఉంటుంది. మైకు ఆపడమే ఆలస్యం, హాలు మేనేజరు నుంచి నా దాకా అందరికీ అక్షింతలే. ఆ కోపానికీ ఒక మొదలుంది. తన రిసెప్షన్‌లో బావ స్నేహితులు అక్క కళ్ళకి గంతలు కట్టారు. ఐదుగురు మగాళ్ళు వరసగా నిలబడి చేతులు చాచారు. ఇందులో మీ ఆయన చెయ్యేదో పట్టుకోమన్నారు. పెళ్ళయి ఒక పూటైనా కాలేదు, ఆయన చెయ్యి ఎలా ఉంటుందో తనకేం తెలుసు? వేరేవాడి చెయ్యి పట్టుకుంది. హాలంతా పగలబడి నవ్వింది. ఇరవై రెండేళ్ళయినా బావ తరఫువాళ్ళు కలిసినప్పుడల్లా ఆ ముచ్చటే తీస్తారు. బావ కూడా వాళ్ళతో కలిసి నవ్వుతాడు. అది చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

అందుకే అక్కకి ఒక పద్ధతి ఉంది. రిసెప్షన్‌కి వారం ముందు రెండిళ్ళకీ వెళ్ళి, స్టేజీ మీదికి ఎవర్ని పిలవాలని కాదు, ఎవర్ని పిలవకూడదని అడుగుతుంది. మోకాళ్ళ నొప్పులవాళ్ళు, ఈమధ్యే మనిషిని పోగొట్టుకున్నవాళ్ళు, మాటలు లేని తోడికోడళ్ళు, అన్నీ రాసుకుంటుంది. రిసెప్షన్ రోజు హాలు గుమ్మంలో ఒక అట్టపెట్టె పెడతాం. వచ్చినవాళ్ళు చీటీ మీద పేరు రాసి అందులో వేయాలి. మనవాళ్ళ సంగతి తెలిసిందే కదా, తమ పేరొకటి రాసి పక్కవాళ్ళవి నాలుగు రాస్తారు. ఆటకి ముందు అక్క చీటీలన్నీ చూసి, పిలవకూడనివి ఏరి ఒక బిస్కెట్ డబ్బాలో వేస్తుంది. మిగతావాటిలో తర్వాతి ఆటలకని దాచినవి ఇంకో డబ్బాలో వేస్తుంది. రెండూ ఒకేలాంటి డబ్బాలు. అలా కొనడం ఎవరి తప్పో మీరే చెప్పండి.

మొన్న జరిగిన రిసెప్షన్‌లో పెళ్ళికూతురి తండ్రి కలప మిల్లులో రంపం మిషను నడుపుతాడు. అక్కా నేనూ వాళ్ళింటికి వెళ్ళి వస్తుంటే ఆయన వీధి గేటు దాకా వెంట వచ్చాడు.

"అమ్మా, కార్డులు చదివించే ఆటకి మాత్రం నన్ను పిలవకండి. నాకు అక్షరం ముక్క రాదు. పిల్ల అత్తారింట్లో నేను సూపర్‌వైజర్నని చెప్పుకుంది. వాళ్ళింట్లో అందరూ మేష్టర్లే. పిల్ల మాట పోతుంది."

"నేనున్నా కదా బాబాయిగారూ, మీకెందుకు," అంది అక్క.

నాకు ఆ పిల్ల మీద అప్పుడే మండింది. తండ్రి రంపం ముందు నిలబడి దుమ్ము మింగితేనే కదా తను డిగ్రీ దాకా వెళ్ళింది! కానీ ఆయన ముఖంలో మాత్రం కూతురి మీద ఇసుమంత కోపం లేదు.

రిసెప్షన్ రోజు మొదట్లోనే మైకు కీచుమంది. హాలు మేనేజరు ముందే అక్క నన్ను కడిగేసింది. "చెవులు ఇంట్లో పెట్టి వచ్చావా? పద్నాలుగేళ్ళయినా ఇదేనా నీ పని?" అంది. నలుగురిలో అనాలా ఆ మాట? నాకు తల కొట్టేసినట్టయింది. అక్క పెళ్ళికూతురితో మాట్లాడటానికి అటు వెళ్ళగానే, పెళ్ళికొడుకు పెదనాన్న, రిటైరైన హెడ్మాస్టరు, వచ్చి పెట్టె ఊపి చూశాడు.

"ఏమయ్యా, చీటీలు ఇంతేనా? మావాళ్ళందరూ రాశారే!"

"మిగిలినవి ఇవిగోండి," అని పక్కనున్న డబ్బా మూత తీసి పెట్టెలో గుమ్మరించాను. అక్క మీద కోపం ఇంకా చల్లారలేదు.

ఆట మొదలైంది. పేరు వచ్చినవాళ్ళు స్టేజీ ఎక్కి, కవరులోంచి ఒక కార్డు తీసి, పైకి చదివి, అందులో ఉన్నట్టు చేయాలి. మొదట ఒక లావుపాటి పిన్నిగారు వచ్చింది. "మీ ఆయన గురక వినిపించండి" అని ఆవిడ కార్డులో ఉంది. ఆవిడ పెట్టిన గురకకి హాలు కప్పు లేచిపోయింది. పేర్లు తీసే గౌరవం అక్క హెడ్మాస్టరుకే ఇచ్చింది. ఆయన రెండో చీటీ తీసి, చూసి, పొంగిపోయాడు.

"మన బావగారే! పెళ్ళికూతురి నాన్నగారు!"

అక్క చప్పున నా వైపు తిరిగింది. నేను సౌండు పెట్టె మీదికి వంగి ఏదో తిప్పుతున్నట్టు నటించాను.

ఆయన స్టేజీ ఎక్కాడు. కార్డు తీశాడు, దాన్ని చూశాడు. "కళ్ళజోడు తెచ్చుకోలేదండీ," అన్నాడు చిన్నగా.

మనుషుల మంచితనం ఎంత చెడ్డదో ఆ రోజు చూశాను. ముందు వరసలోంచి మూడు కళ్ళజోళ్ళు చేతుల మీదుగా స్టేజీకి వచ్చాయి. హెడ్మాస్టరు తన జోడే తీసి ఆయన ముక్కు మీద పెట్టాడు. "రోజంతా రిజిస్టర్లు చూసే మనిషి మీరు, ఒక్క వాక్యం బావగారూ!" అన్నాడు. వెనక నుంచి "చదవాలి! చదవాలి!" అని చప్పట్లు మొదలయ్యాయి. "నేను చదువుతానండీ," అని అక్క చెయ్యి చాచింది. "ఆటంటే ఆటేనమ్మా," అని హెడ్మాస్టరు అడ్డం నిలబడ్డాడు. ఆ తండ్రి కూతురి వైపు చూశాడు. ఆ పిల్ల గాజులు సర్దుకుంటోంది. రెండు చెంపలు వాయించాలనిపించింది నాకు.

అప్పుడు అక్క కోపం కట్టలు తెంచుకుంది. మైకు చేతిలో ఉందన్న ధ్యాస కూడా లేదు.

"ఆపండి! వద్దంటుంటే మీద పడి చదివిస్తారేంటి? చదువు రాకపోతే మనిషి కాదా? ఆయన రెక్కలు ముక్కలు చేసుకుని చదివించిన పిల్లనే కదా మీరు కోడలిగా తెచ్చుకున్నారు! సిగ్గుండక్కర్లా?"

నాకు లేచి చప్పట్లు కొట్టాలనిపించింది. సరిగ్గా పెట్టావక్కా గడ్డి, అనుకున్నాను. హాలు నిశ్శబ్దమైపోయాక గానీ జరిగిందేమిటో అర్థం కాలేదు. కళ్ళజోడు మాట దగ్గర ఆగిపోవాల్సిన సంగతిని అక్క మూడు వందల మందికి మైకులో చెప్పేసింది. హెడ్మాస్టరు నెమ్మదిగా తన కళ్ళజోడు తీసేసుకున్నాడు. పెళ్ళికొడుకు పెళ్ళికూతురి వైపు వంగి, "సూపర్‌వైజరన్నావు కదా?" అని అడిగాడు. ఆ పిల్ల మళ్ళీ గాజులు సర్దుకుంది. పెళ్ళికూతురి తండ్రి మెట్లు దిగి చివరి వరసలో కూర్చున్నాడు. ఆయన పక్క కుర్చీల్లో ఎవరూ కూర్చోలేదు.

మర్నాడు పొద్దున్నే అక్క నన్ను వెంటబెట్టుకుని మిల్లుకి వెళ్ళింది. ఆయన మిషను ఆపి, భుజం మీది తువ్వాలుతో ముఖం తుడుచుకుంటూ వచ్చాడు.

"బాబాయిగారూ, నా నోరు పడిపోను," అంది అక్క. ఇంకా ఏదో చెప్పబోయి ఏడ్చేసింది.

"మీరు మంచికే కోప్పడ్డారమ్మా," అన్నాడాయన. "కానీ ఆ కోపం నాది కదా, నన్నడగాలి కదా. ఆ జోడు సరిపోలేదు, ఈ జోడు సరిపోలేదు అనుకుంటూ దిగిపోయేవాణ్ణి. యాభై ఏళ్ళుగా ఇలాంటివి ఎన్ని దాటలేదు?"

"అమ్మాయి ఫోన్ చేసిందా?"

"చేసింది. వాళ్ళు ఏమీ అనలేదట. నువ్వెందుకు స్టేజీ ఎక్కావు నాన్నా అని మాత్రం అడిగింది."

అక్క తల దించుకుంది. దారి పొడుగునా హెడ్మాస్టరునీ, ఆ పిల్లనీ, చప్పట్లు కొట్టినవాళ్ళనీ, రెండు డబ్బాలు ఒకేలాంటివి కొన్న అక్కనీ మనసులో తిట్టుకుంటూ వచ్చిన నేను ఇక ఉండబట్టలేకపోయాను.

"మీ చీటీ పెట్టెలోకి వెళ్ళింది నా వల్లేనండీ. డబ్బా మారిపోయింది. రెండూ ఒకేలా ఉంటాయి," అన్నాను.

అక్క నా వైపు చూసింది. ఆయన తువ్వాలు భుజాన వేసుకున్నాడు.

"మూత మీద ఏమీ రాసి లేదా నాయనా?"

అబద్ధం ఆడాలనుకున్నాను. నోరు రాలేదు.

"రాసుందండీ."

"ఏమని?"

"వీళ్ళని పిలవద్దు అని."

"మరి నీకు చదువొచ్చు కదా?" అన్నాడాయన.

అందులో వెక్కిరింపు లేదు, కోపం లేదు. చదువొచ్చినవాళ్ళు కళ్ళ ముందున్నదల్లా చదువుతారని ఆయన నిజంగానే అనుకుంటున్నాడు.