నాన్న చెవిలో మోత

లాక్‌డౌన్‌లో సూరత్ సాంచెలన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. అమ్రోలిలో మా గల్లీ మొత్తం ఆ మరమగ్గాల మోతలోనే బతికింది. అది పోయాక పక్కింటివాళ్ల దగ్గు కూడా స్పష్టంగా వినిపించి భయం వేసేది.

ముప్పై ఏళ్లు సాంచెలు నడిపిన నాన్నకు మాత్రం మోత ఆగలేదు. అన్నం ముందు కూర్చుని చెయ్యి ఆపేసి, "కార్ఖానా నడుస్తున్నది, జర చూసి రాపో" అనేవాడు. రెండుసార్లు వెళ్లి చూశాను. తాళం వేలాడుతోంది. మూడోసారి విసుక్కున్నాను. అమ్మ గాలి సోకిందని దిష్టి తీసింది. నేను మరీ తెలివైనవాణ్ని కదా, నాన్నకు మతి తప్పుతోందని అమ్మతో మెల్లగా అన్నాను. మగ్గాల మోతకు చెవులు మందగించి, పెదవులు చూసి మాటలు పట్టడం నేర్చిన మనిషి, గది అవతలి నుంచే గ్రహించాడు. ఆ తర్వాత మాట్లాడటం మానేశాడు. ఆ సిగ్గు నాకింకా పోలేదు.

పనిలేక నా చిన్నప్పటి బొమ్మ కీబోర్డు విప్పాను. బ్యాటరీ తీగ మధ్యలో పాత రేడియో వాల్యూమ్ నాబ్ అతికించాను. దాన్ని తిప్పి వోల్టేజీ తగ్గిస్తుంటే స్వరాలు కిందికి జారి బొంగురుపోయేవి. ఇంకా తగ్గిస్తే, ఏ మీటా నొక్కకుండానే అది మూలగడం మొదలుపెట్టేది. పట్టపగలే ఒళ్లు జలదరించేది. అయినా ఆపబుద్ధయ్యేది కాదు.

ఒకరోజు నాన్న వచ్చి పక్కన కూర్చున్నాడు. కీబోర్డు మీద అరచెయ్యి ఆనించి, ఇంకా తగ్గించమని సైగ చేశాడు. తగ్గించాను. కొంచెం పెంచమన్నాడు. వెంట్రుకవాసి పెంచాను.

"గిదే" అన్నాడు.

అది సాంచె మోత కాదు. ఎవరో నోరు మూసుకుని, ఎక్కడా ఊపిరి తీసుకోకుండా ఏడుస్తున్నట్టుంది. ఇది ఎప్పటి నుంచి వినిపిస్తోందని చెవి దగ్గర అరిచి అడిగాను. నేను పుట్టకముందు నుంచేనట. మగ్గాల చప్పుడులో కలిసిపోయి ఉండటంతో, ఇన్నాళ్లూ అది కార్ఖానాదే అనుకున్నాడట.

వంటింట్లోంచి వచ్చిన అమ్మ గుమ్మంలోనే చెవులు మూసుకుంది. ఆపమని బతిమాలింది. నేను తీగ పీకేశాను. అమ్మ కుదుటపడి గోడకు ఆనుకుంది. నాన్న చెయ్యి ఇంకా కీబోర్డు మీదే ఉంది.

"ఆపినవా?" అని అడిగాడు.

ఆపానని తలూపాను.

"మీకైతే ఆగింది, బిడ్డా" అన్నాడు.