నాలుగో డబ్బా దగ్గర అడుగులు

ఉత్తర స్వీడన్‌కు ఎలా వెళ్లావు, ఏం తీసుకెళ్లావు, అక్కడ ఏం తిన్నావు అని తోటి విద్యార్థులు అడుగుతున్నారు. మిన్ను పడుకున్నాక దొరికే ఈ గంటలో అన్నీ వరసగా రాస్తున్నాను. అక్కడ జరిగిన ఒక సంగతి కూడా ఇందులో ఉంటుంది. దాన్ని వదిలేసి మిగతాది రాయడం నాకు చేతకాలేదు.

నా పరిశోధన మట్టిలోని కర్బనం మీద. మూడేళ్లుగా మీరాలం చెరువు బురద మీదే పనిచేశాను. మా గైడ్ వసుంధర మేడమ్‌కు ఉత్తరధ్రువం దగ్గరి తడినేలల మీద పన్నెండు రోజులు పనిచేసే అవకాశం వచ్చింది. ఇద్దరు విద్యార్థుల్ని తీసుకెళ్లవచ్చన్నారు. నా పేరు చెప్పే ముందు మేడమ్ ఒక్కటే అడిగారు. "పాప సంగతి చూసుకోగలవా? అక్కడికొచ్చాక ధ్యాస ఇంటి మీద ఉంటే పని పాడవుతుంది." పాడవదని మాటిచ్చాను.

మిన్నుకు రెండున్నరేళ్లు. వానలు మొదలైతే దానికి ఆయాసం వస్తుంది. ఛాతీ ఎగసిపడుతుంటే నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తోందో లెక్కపెట్టమని డాక్టరు నేర్పారు. అప్పటినుంచి నేను సెకన్ల ముల్లున్న పాత చేతి గడియారం కట్టుకుంటున్నాను. ఫోన్‌లో సమయం చూసుకుంటూ లెక్కపెడితే మధ్యలో తప్పిపోతుంది.

జూన్ మధ్యలో ఒక బుధవారం, తెల్లవారి ఐదున్నరకు లాల్‌దర్వాజాలో మా ఇంటి ముందు కారెక్కాను. మిన్ను నిద్రలోనే ఉంది. అత్తమ్మ గుమ్మం దాకా వచ్చి, "నువ్వు పో బిడ్డ. ముగ్గుర్ని పెంచిన, దీన్ని చూస్కోనా? ఫికర్ వెట్టుకోకు" అంది. శాలిబండ మలుపులో ఫర్హానా ఎక్కింది. మొఘల్‌పురా పిల్ల, నాకంటే రెండేళ్లు జూనియర్. వాళ్లమ్మ కట్టిచ్చిన రొట్టెలు, కీమా పొట్లం నుంచి కారంతా వాసన నిండింది. ఫలక్‌నుమా, చాంద్రాయణగుట్ట దాటి విమానాశ్రయానికి నలభై నిమిషాలు. పొద్దున్నే అయితే ఆ దారిలో రద్దీ ఉండదు.

మధ్యలో ఒక విమానం మారి రాత్రికి స్టాక్‌హోం చేరాం. మర్నాడు సాయంత్రం ఆరు దాటాక ఉత్తరానికి రైలు. ఒక గదికి ఆరు బెర్తులు, దుప్పటి, దిండు రైలువాళ్లే ఇస్తారు. టికెట్ రెండు నెలల ముందే కొనుక్కోవాలి, లేకపోతే కూర్చుని వెళ్లాలి. రైలు భోజనశాలలో ధర చూసి ఫర్హానా రొట్టెల పొట్లం విప్పింది.

ఎదుటి బెర్తులో ఒక ముసలామె ఉన్ని మేజోడు అల్లుకుంటోంది. రాత్రి పదిన్నరకు కిటికీ బయట ఎండ పచ్చగా ఉంది. నేను గడియారం చూసుకుంటుంటే ఆమె కూడా వంగి చూసింది. తప్పు నడుస్తోంది అని ఇంగ్లీషులో చెప్పింది. తప్పు కాదు, అది మా ఇంటి సమయం, ఇక్కడికంటే మూడున్నర గంటలు ముందు అన్నాను. పాప ఎప్పుడు లేస్తుందో, ఎప్పుడు తింటుందో చూడగానే తెలియాలని మార్చలేదు. ఇక్కడి సమయం కావాలంటే అందులోంచి మూడున్నర తీసేస్తాను. ఆమె సూదులు ఆపి, "రోజూ తీసేయడం గుర్తుంటుందా?" అంది. గుర్తుంటుందన్నాను.

మర్నాడు మధ్యాహ్నం దిగాం. పరిశోధన కేంద్రం నాలుగు చెక్క గదులు, ఒక వంటగది. వెనక అంతా తడినేల. చచ్చిన నాచు వేల ఏళ్లుగా కుళ్లకుండా పొర మీద పొర పేరుకుంటే అయిన నేల అది. జాడీలో తొక్కు పాడవకుండా ఉన్నట్టు, చలిలో, నీళ్లలో కర్బనం అంతా అలాగే ఊరి ఉంటుంది. దాని అడుగున ఏడాది పొడవునా కరగని మంచు ఉండేది. ఇప్పుడు అది కరుగుతోంది. కరిగిన చోట నేల కుంగి నల్లటి గుంటలవుతాయి. వాటిలో ఎవరో కింద పడుకుని ఊపిరి వదులుతున్నట్టు బుడగలు లేస్తుంటాయి. చెట్లు మోకాలెత్తు దాటవు. తెల్ల కుచ్చుల గడ్డి గాలి లేకపోయినా కదులుతున్నట్టుంటుంది. నేల మీద కాలు పెడితే దిగబడుతుంది కాబట్టి రెండు పలకల వెడల్పున చెక్కబాట వేశారు.

ఆ బాట పక్కన ఆరుచోట్ల పారదర్శకమైన డబ్బాలు బోర్లించాం. అరగంటకోసారి మూత దానంతటదే మూసుకుంటుంది. లోపల నేల ఎంత వాయువు వదిలింది, మొక్కలు ఎంత పీల్చాయి అన్నది పక్కనున్న పెట్టెలో నమోదవుతుంది. మూత పడినప్పుడు దగ్గరలో నడవకూడదు. అడుగు పడితే మెత్తటి నేల నొక్కుకుపోయి బుడగలు బయటికొస్తాయి, లెక్క తప్పుతుంది. పెట్టెను అమర్చిన రోజు సన్నటి వాన. ఫోన్లు సంచుల్లో ఉన్నాయి. మేడమ్ గొడుగు కింద వంగి మీటలు నొక్కుతూ టైమెంత అన్నారు. నేను గడియారం చూసి చెప్పాను.

కేంద్రం దగ్గర్లో ఫోన్ సిగ్నల్ చెక్కబాట చివర మాత్రమే అందేది. రోజూ ఎనిమిదింటికి, తిండయ్యాక, అక్కడికి వెళ్లేదాన్ని. అప్పుడు ఇంట్లో పదకొండున్నర. నేను లేకపోయేసరికి మిన్ను అంతదాకా నిద్రపోవడం లేదు. అత్తమ్మ ఫోన్ దిండు మీద పెట్టేది. మాటలు వింటే నా కోసం ఏడుస్తుందని నేను మాట్లాడేదాన్ని కాదు. దాని ఊపిరి వింటూ, గడియారం చూస్తూ లెక్కపెట్టేదాన్ని. అక్కడ నిలబడితే దోమలు పీక్కు తింటాయి. అందుకని ముఖానికి వల కట్టుకుని పలకల మీద అటు పది అడుగులు, ఇటు పది అడుగులు నడుస్తూ ఉండేదాన్ని. అక్కడికి అన్నిటికంటే దగ్గరి డబ్బా, నాలుగోది, నలభై అడుగుల దూరంలో ఉంది. అంత దూరం చాలనుకున్నాను.

నాలుగో రోజు గాలివాన. గదిలోంచి బయటికి రావద్దన్నారు. ఆ సాయంత్రం ఫోన్ చేయలేకపోయాను. కిటికీ దగ్గర కూర్చుని తెల్లవారేదాకా, అంటే ఆ వెలుతురు మరో రకం వెలుతురయ్యేదాకా మేలుకున్నాను.

ఐదో రోజు పెట్టెలోని లెక్కలు తీశాం. మేడమ్ ముఖం వెలిగిపోయింది. మొక్కలు అన్నిచోట్లా మిట్టమధ్యాహ్నం ఎక్కువ పనిచేస్తాయి. ఇక్కడివి మూడున్నరకు చేస్తున్నాయి. రాత్రి లేని చోట మొక్కల అలవాటు మారిందేమో, ఇది ఎవరూ రాయలేదు అని ఆవిడ అప్పుడే కాగితం తీసుకున్నారు.

నాలుగో డబ్బా గ్రాఫు గీత దగ్గర మాత్రం ఆగారు. రోజూ రాత్రి పదకొండున్నరకు గీత చిన్న చిన్న పళ్లలా లేచి ఉంది. పది పళ్లు, కాస్త ఆగి మళ్లీ పది. గాలివాన రోజు మాత్రం గీతంతా గజిబిజి, ఏది ఏమిటో తెలియదు. మిగతా రోజుల్లో స్పష్టంగా ఎవరో అటూ ఇటూ నడుస్తున్నట్టే. పదకొండున్నరకు మేం ముగ్గురం గదుల్లో ఉంటాం. కేంద్రంలో మాతోపాటు ఉన్నది ఒక కాపలా ముసలాయన. ఆయన కర్ర లేనిదే మెట్టు దిగడు. జంతువేమో అని నేనంటే, పది అడుగులకోసారి వెనక్కి తిరిగే జంతువు ఏదని మేడమ్ అడిగారు.

ఫర్హానా ఆ రోజునుంచి ఒక్కతే బాట మీదికి వెళ్లలేదు. "జిన్నే అక్కా. నిమిషం తప్పకుండ వస్తాంది. మన సిటీ బస్‌కంటె నయం" అని నవ్వింది గానీ, పడుకునే ముందు దువా చదువుకుని నా వైపు కూడా ఊదింది.

మర్నాడు రాత్రి ఇద్దరం చూడాలనుకున్నాం. పదకొండున్నరకు బాట చివరికి వెళ్లి నిలబడ్డాం. సూర్యుడు కొండ అంచున ఆగి ఉన్నాడు. మా నీడలు తడినేల మీద ఎక్కడిదాకా పోయాయో కనిపించలేదు. పిట్ట కూత లేదు. నాలుగో డబ్బా మూత బుస్సుమని మూసుకుంది. పలకల మీద ఎవరూ రాలేదు. అరగంట నిలబడి, దోమలకు తట్టుకోలేక వెనక్కి వచ్చేశాం.

పొద్దున్నే పెట్టె తెరిచాను. మేం కాపలా ఉన్న పదకొండున్నర దగ్గర పళ్లు ఉన్నాయి. పది, పది. మా కళ్ల ముందు ఎవరూ నడవని చోట ఎవరో నడిచారు. ఫర్హానా నా చెయ్యి పట్టుకుంది. "ఇగ చాలు అక్కా, పదా" అంది.

తెర మీద గీతను ఇంకా ముందుకు జరిపాను. తెల్లవారి మూడింటి దగ్గర కొత్త పళ్లు. మేమిద్దరం గాఢనిద్రలో ఉన్న వేళ. ఈసారి ఒక్కరు కాదు, జంటలు జంటలుగా. ఇద్దరు వచ్చారు. ఆగారు. అరగంట కదల్లేదు. తర్వాత ఇద్దరూ వచ్చినదానికంటే వేగంగా వెనక్కి వెళ్లారు.

చాలాసేపు ఆ గీత చూశాను. వాళ్లు ఎలా నిలబడ్డారో, ఎందుకు త్వరగా వెళ్లిపోయారో నాకు తెలుసు. పదకొండున్నర నుంచి మూడింటికి మూడున్నర గంటలు. చేతి గడియారం వైపు చూశాను. వానలో మేడమ్ టైమెంత అన్నప్పుడు నేను చెప్పింది మూడు నలభై. తీసేయడం మరిచిపోయాను. అప్పుడు అక్కడ సమయం పన్నెండూ పది. పెట్టె ఆ రోజునుంచి లాల్‌దర్వాజా సమయంలో నడుస్తోంది. రాత్రి లేని చోట కాబట్టి వెలుతురు కూడా ఆ తప్పు పట్టివ్వలేదు. రోజూ నడిచింది నేనే.

భయం పోయింది. దాని స్థానంలో ఇంకోటి వచ్చింది. మూడున్నరకు పనిచేసే మొక్కలు ఎక్కడా లేవు. మేడమ్ అప్పటికి పన్నెండు పేజీలు రాశారు.

ఫర్హానా గొంతు తగ్గించి, "ఇప్పుడే చెప్పకు అక్కా. ఇంటికి పోయినంక చూస్కుందాం" అంది. నాక్కూడా అలాగే అనిపించింది. ధ్యాస ఇంటి మీద ఉంటే పని పాడవుతుందన్న మాటే చెవిలో తిరుగుతోంది. ఈ తప్పు చెబితే ఇంకోసారి పిల్లతల్లిని ఎవరూ ఇంత దూరం తీసుకురారు. వంటగదిలో నీళ్లు తాగి, మళ్లీ పోసుకుని తాగి, మేడమ్ గదికి వెళ్లాను. గడియారం విప్పి బల్ల మీద పెట్టి అంతా చెప్పాను.

ఆవిడ గడియారం చూశారు, కిటికీలోంచి సూర్యుణ్ణి చూశారు. పన్నెండు పేజీలు నెమ్మదిగా సర్ది సంచిలో పెట్టుకున్నారు. "చెప్పకపోతే నేనది అచ్చు వేయించేదాన్ని" అన్నారు. సంచి మూస్తూ, "పాప ఎలా ఉంది?" అన్నారు.

రోజూ పెట్టె లెక్కలు ఎక్కించే క్షేత్రం పుస్తకంలో తప్పును చెరపకూడదు. ఒకే గీతతో కొట్టేయాలి, కింద ఏముందో ఎవరైనా చదవగలగాలి. తప్పు సమయం, దాని కారణం నా చేతే రాయించారు. మూడున్నర గంటలు వెనక్కి జరిపితే ఐదు డబ్బాల లెక్కలు నిలిచాయి. నాలుగోదాంట్లో సాయంత్రాలన్నీ కొట్టేశాం. గాలివాన రోజు గజిబిజిలో ఏది వానో ఏది అడుగో చెప్పలేం కనక ఆ రోజంతా కొట్టేశాం. ఆ తర్వాత ఫోన్ కోసం పైనున్న రోడ్డు దాకా ఎక్కి, అక్కడ దోమల మధ్య నిలబడే దాని ఊపిరి వినేదాన్ని.

పన్నెండో రోజు తిరుగు రైలెక్కాం. స్టాక్‌హోం స్టేషన్‌లో కాఫీ తాగుతూ ఇంటికి ఫోన్ చేశాను. మిన్ను వారంగా సరిగా పడుకోవడం లేదని అత్తమ్మ చెప్పింది.

"నడుసుడు బంద్ జేసినవేందే? ఫోన్ల నీ అడుగులు టక్ టక్ ఇనవడితేనే కండ్లు మూస్తది. గాలివాన అని చెప్పిన రోజు గూడ గట్లనే ఇనుకుంట పండుకుంది."

ఆ రోజు నేను ఫోన్ చేయలేదని చెప్పాను.

"చేసినవ్ బిడ్డ. నువ్వు మాట్లాడకపోతివి గని మస్తు సేపు నడిచినవ్. నేను గూడ పక్కల పండుకొని ఇన్న."

ఫోన్‌లో ఆ తేదీ వెతికాను. వెళ్లిన కాల్ లేదు, వచ్చిన కాల్ లేదు. విమానంలో మేడమ్ నిద్రపోతుంటే ఆవిడ సంచిలోంచి క్షేత్రం పుస్తకం తీసి ఆ పేజీ చూశాను. ఒక గీత. దాని కింద నాలుగో డబ్బా, ఆ సాయంత్రపు అంకెలు చదవడానికి వీలుగానే ఉన్నాయి. నేను చదవలేదు. పుస్తకం మూసి పెట్టేశాను.

వెళ్లేవాళ్లకు చెప్పేది: ముఖానికి దోమల వల, మోకాలిదాకా రబ్బరు బూట్లు, నిద్రకు కళ్లగంత, అన్నంలోకి తొక్కు. ఎంత చూసినా తనివి తీరని నేల అది, కానీ ఒంటరిగా చూడకండి. దిగగానే గడియారం అక్కడి సమయానికి తిప్పుకోండి. నేను తిప్పలేదు కాబట్టి శంషాబాద్‌లో దిగాక మళ్లీ తిప్పే పని పడలేదు.

మధ్యాహ్నం రెండింటికి ఇల్లు చేరాను. మిన్ను గోడవైపు తిరిగి పడుకుని ఉంది. చెప్పులు విప్పి, చప్పుడు కాకుండా మంచం పక్కన నిలబడి ఊపిరి లెక్కపెట్టడం మొదలుపెట్టాను. అది కళ్లు తెరవలేదు.

"నడువమ్మా" అంది.